పగులుతుంది, జాగ్రత్త

"బూట్లు ఎక్కడైనా గలగలమంటాయా?" అని నేను అడిగింది అందరం భోజనానికి కూర్చున్నప్పుడు. అందరం అంటే వాళ్ళు కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. ఒక చేతిలో గరిటె, రెండో చేతిలో మా మరిది పోస్ట్ చెయ్యమని ఇచ్చిన బూట్ల పెట్టె. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. "వినండి, లోపల ఎవరో గజ్జెలు కట్టుకుని కూర్చున్నట్టుంది."

మా ఆయన తలెత్తకుండానే, "నీకేం తెలుసు బూట్ల సంగతి? నువ్వు వేసుకునేది చెప్పులు," అన్నారు. అత్తయ్యకి నవ్వొచ్చి పొలమారింది. ఆవిడ నెత్తిన తట్టి మంచినీళ్ళు ఇచ్చింది కూడా నేనే. మరిది అందరికంటే గట్టిగా నవ్వాడు. "తేమ పట్టకుండా లోపల గుళికలు వేస్తారు వదినా, ఆ చప్పుడే అది. నువ్వు భలేదానివి," అన్నాడు. నేనూ నవ్వేశాను. అందరూ నవ్వుతుంటే ఒక్కదాన్నే మొహం ముడుచుకుని నిలబడటం నాకు చేతకాదు.

'నీకేం తెలుసు' అనేది మా ఇంట్లో తిట్టు కాదు. ఫ్యాను చప్పుడు లాంటిది, అలవాటైపోతే వినపడదు. షాపులోకి కొత్త రకం బల్బులు తెప్పిద్దామంటే నీకేం తెలుసు అన్నారు. కొన్నాళ్ళయ్యాక అవే బల్బులు తెప్పించి, ఈ ఆలోచన నాకే ఎందుకు వచ్చిందో చూశావా అని భుజం చరుచుకున్నారు. పెరటి గోడ వాలుతోందంటే నీకేం తెలుసు అన్నారు. అది కూలిన రోజు, ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు అన్నారు. తెలియడం ఆయన శాఖ, చెయ్యడం నా శాఖ. మా పెళ్ళైన కొత్తలోనే ఈ పంపకం జరిగిపోయింది. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ కాదనలేదు.

మాకు లైట్ల షాపు ఉంది. ముందు కౌంటరు దగ్గర మెత్తటి కుర్చీ ఆయనది, వెనక గదిలో నేల నాది. వేరే ఊళ్ళకి పంపే బల్బులు, గాజు డోములు పగలకుండా కట్టేది నేను. ఒక్కోదానికి కాగితం చుట్టి, సందుల్లో ముక్కలు కూరి, పెట్టె ఊపి చూసి, చప్పుడు రాకపోతేనే టేపు వేస్తాను. పైన ఎర్ర స్టిక్కర్ అతికిస్తాను. 'గాజు సామాను. పగులుతుంది, జాగ్రత్త.' నేను కట్టిన పెట్టెలో బల్బు పగిలిందన్న మాట ఇంతవరకూ రాలేదు. ఒకసారి ధైర్యం చేసి, ఈ పనికి నాకూ జీతం ఇవ్వొచ్చు కదా అన్నాను. "మన షాపులో మనకి జీతమేంటి, నలుగురూ వింటే నవ్వుతారు," అన్నారు. ఆ నెలలోనే మన షాపు డబ్బుతో ఆయనకి కొత్త ఫోను వచ్చింది. నలుగురూ దాన్ని తిప్పి తిప్పి చూసి బావుందన్నారు.

షాపు సామానే కాదు, ఇంట్లోంచి బయటికి పోవాల్సినవన్నీ గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద పెట్టడం మా ఇంటి పద్ధతి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. స్టాండు మీద పెడితే చాలు. అత్తయ్య అల్లిన ఉన్ని టోపీలు వాళ్ళ చెల్లెలి మనవళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాయి, కరెంటు బిల్లు దానంతటదే కట్టేసుకుంటుంది, తెగిన చెప్పు కుట్టించుకుని తిరిగొచ్చేస్తుంది. ఆ స్టాండుకి ఏదో మహిమ ఉందని వాళ్ళ నమ్మకం అయ్యుండాలి. మా మరిది ఇంటర్నెట్లో ఖరీదైన పాత బూట్లు కొని విదేశాలకి అమ్మడం మొదలుపెట్టాక, ఆ పెట్టెలు కూడా స్టాండెక్కాయి.

"వదినా, నా గుర్తింపు కార్డు ఎక్కడో పెట్టేశాను. నీది చూపించి, పంపినవాళ్ళ దగ్గర నీ పేరే రాసెయ్," అనేవాడు. ఇంట్లో అందరూ అతన్ని చిన్నోడంటారు. ముప్పై దాటినా చిన్నోడే. నేను ఈ ఇంట్లో అడుగు పెట్టేనాటికి నిక్కర్లు వేసుకునేవాడు. అతని చొక్కా గుండీలు కుట్టింది నేను, పరీక్ష తప్పినప్పుడు వాళ్ళన్నయ్య చేతి దెబ్బలకి అడ్డం పడింది నేను. నిజం చెప్పొద్దూ, ఈ ఇంట్లో నేను చేసిన పనికి ఒక మంచిమాట అనేది అతనొక్కడే. "మా వదిన బంగారం," అనేవాడు. ఆ ఒక్క మాటకి పొంగిపోయి నేను మిట్టమధ్యాహ్నం పోస్టాఫీసుకి నడిచి వెళ్ళేదాన్ని. బంగారాన్ని ఎవరైనా అంత ఎండలో తిప్పుతారా అని నాకు తట్టలేదు.

గుళికలైతే గుళికలే గానీ, చప్పుడు చేసే పెట్టెని అలాగే పంపడానికి నా చేతులు ఒప్పుకోలేదు. విప్పుదామంటే మరిది ముందే టేపు వేసేశాడు, పైగా వేరేవాళ్ళ సామాను. అలవాటు కొద్దీ ఒక ఎర్ర స్టిక్కర్ తీసి పైన అంటించాను. మనసొప్పక పక్కన ఇంకొకటి అంటించాను. పోస్టాఫీసులో ఇచ్చిన కాగితం మీద, లోపల ఏముంది అన్నచోట, మరిది చెప్పినట్టే 'బూట్లు' అని రాశాను. కౌంటరులో గుమాస్తా స్టిక్కర్లు చూసి, కాగితం చూసి, నన్ను చూసి, "బూట్లు పగులుతాయా అమ్మా?" అన్నాడు.

"మావాళ్ళవి చాలా సున్నితమైన బూట్లండీ," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అతను ముద్ర కొట్టి పెట్టెని లోపలికి తోశాడు. నేను వస్తూ వస్తూ కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఆ సంగతే మరిచిపోయాక, ఒక ఆదివారం పొద్దున ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూంటే తలుపు తట్టిన చప్పుడైంది. ఇద్దరొచ్చారు. ముందు కళ్ళద్దాల ఆవిడ, వెనక ఫైలు పట్టుకుని ఒకాయన. మత్తుమందుల కేసులు చూసే ఇన్‌స్పెక్టర్‌నని ఆవిడ కార్డు చూపించింది. నా పేరు చదివి, ఉన్నారా అని అడిగింది.

"ఆవిడతో మీకేం పనండీ? ఏదున్నా నాతో మాట్లాడండి," అన్నారు మా ఆయన, లుంగీ సర్దుకుని ఛాతీ విరుచుకుంటూ. "ఈ ఇంటి యజమానిని నేను. నాకు తెలియకుండా ఇక్కడ చీపురుపుల్ల కూడా కదలదు."

"మంచిదండీ," అంటూ ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఇది కూడా మీకు తెలిసే కదిలిందా?"

టీపాయ్ మీద రెండు ఫోటోలు పెట్టింది. ఒకదాంట్లో నా పెట్టె, నెత్తిన రెండు ఎర్ర స్టిక్కర్లతో. రెండోదాంట్లో అదే పెట్టె విప్పి ఉంది. బూట్లు ఒక పక్కన, వాటిలోంచి తీసిన నీలం మాత్రల కుప్ప ఇంకో పక్కన. నిషేధించిన మత్తుమాత్రలనీ, నా పేరు మీద దేశం దాటబోతుంటే పట్టుకున్నామనీ చెప్పింది.

మా ఆయన ఛాతీ దిగిపోయింది. "చీపురుపుల్ల అంటే... అది మాటవరసకి అన్నానండీ. పార్సెళ్ళూ గీర్సెళ్ళూ అన్నీ మా ఆవిడే చూసుకుంటుంది. మొదటినుంచీ చివరిదాకా తనే. నాకేం సంబంధం లేదు," అన్నారు.

నా చేతిలో ఇస్త్రీ పెట్టె కదలకుండా ఉండిపోయింది. చొక్కా మాడిన వాసన వస్తే గానీ నాకు స్పృహ రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఇంట్లో ఒక పని మొత్తం నేనే చేస్తానని ఆయన నోటివెంట రావడం అదే మొదటిసారి. ఇల్లు ఆయన పేరున ఉంది. షాపు ఆయన పేరున ఉంది. గ్యాసు కనెక్షన్ ఎప్పుడో పోయిన మావగారి పేరునే ఉంది. నా పేరున ఏముందా అని ఎప్పుడైనా అనుకునేదాన్ని. టీపాయ్ మీద ఉంది, ఫోటోతో సహా.

మరిది కోసం అటూ ఇటూ చూశాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏనాడూ కారు మీద చెయ్యి వెయ్యనివాడు బకెట్టు పట్టుకుని కారు కడగడానికి బయల్దేరాడు. అప్పుడు అర్థమైంది నాకు. భయం కంటే ముందు, నేను గుండీలు కుట్టిన ఆ చొక్కాలన్నీ గుర్తొచ్చాయి.

వాళ్ళు ఇల్లంతా వెతికారు. మరిది గదిలో ఖాళీ బూట్ల పెట్టెలు తప్ప ఏమీ దొరకలేదు. మంగళవారం ఆఫీసుకి వచ్చి వాంగ్మూలం ఇమ్మనీ, అంతవరకూ ఎవరూ ఊరు దాటొద్దనీ ఇన్‌స్పెక్టర్ చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఈ స్టిక్కర్లు ఎవరు అంటించారు?" అని అడిగింది.

"నేనేనండీ."

"ఎందుకు?"

"పెట్టె చప్పుడు చేసిందండీ."

ఆవిడ నన్ను కాసేపు చూసింది. ఫైలాయన చేత అది రాయించి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం హాల్లో పంచాయితీ పెట్టారు. చిన్నోడు నేల మీద కూలబడి ఏడ్చాడు. ఎవరో స్నేహితుడు మాత్రలు తెచ్చిస్తాడట, ఇతను బూట్లతో కలిపి పంపుతాడట. "ఒక్కసారికేనని మొదలుపెట్టాను వదినా," అన్నాడు. ఎన్నిసార్లయిందని అడిగితే నేల చూపులు చూశాడు. ఎన్నిసార్లయినా అన్నిటి మీదా ఉన్నది నా పేరే.

"సరే, అయిందేదో అయింది," అన్నారు మా ఆయన, షాపులో బేరం తేల్చే గొంతుతో. "నువ్వు ఒప్పేసుకో. తెలిసే పంపాను, ఇంట్లో ఇంకెవరికీ సంబంధం లేదు అని చెప్పు. అక్కడితో ఆగిపోతుంది. ఆడదానివి, నాలుగు కన్నీళ్ళు పెట్టుకుంటే మందలించి వదిలేస్తారు."

"వదలకపోతే?"

"వదలకపోతే మాత్రం నీకేమన్నా ఉద్యోగం పోతుందా సద్యోగం పోతుందా? ఎలాగూ ఇంట్లోనే ఉండేదానివి కదా. అదే వాడికైతే జీవితం ఉంది."

జైల్లో వంట ఎవరు చేస్తారో కనుక్కోవాలనిపించింది నాకు. ఖైదీలకి టైముకి కంచంలో పెట్టిస్తారని ఎక్కడో విన్నాను. అలా అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ నీకేం తెలుసు, నీకేం తెలుసు అని నోరు మూయించిన మనిషి, తెలియనే తెలియని ఈ ఒక్క సంగతి మాత్రం నాకు తెలుసని చెప్పమంటున్నారు. అదీ ఆయన తమ్ముడి కోసం. బల్బుల సంగతి తెలుసన్నా ఒప్పుకోలేదు, గోడ సంగతి తెలుసన్నా ఒప్పుకోలేదు. జైలుకి పంపే తెలివి మాత్రం నాకు ధారాళంగా ఇస్తున్నారు. నాకు నిజంగా ఒళ్ళు మండిపోయింది.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "వాడికింకా పెళ్ళి కాలేదు అమ్మాయ్," అంది. నాకు అయింది కదా అత్తయ్యా, అందుకే కదా ఈ తిప్పలు, అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను. చిన్నోడు మొహం తుడుచుకుని, "మా వదిన బంగారం. నన్ను వదలదు," అన్నాడు. ఆ మాటకి మొదటిసారి నాలో ఏమీ పొంగలేదు.

"ఆలోచిస్తాను," అన్నాను. నా నోట ఆ మాట విని ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

మర్నాడు షాపు వెనక గదిలోంచి ఒక బల్బు తీసుకుని బయల్దేరాను. ఎక్కడికని ఆయన అడిగితే, లాయరుగారి ఆఫీసులో బల్బు మాడిపోయిందట అన్నాను. మాడలేదు, కానీ లాయరు నిజం. మా షాపులోనే లైట్లు కొంటుంది. పెద్ద మనిషి, పెద్ద గొంతు, నవ్విందంటే వీధి చివరికి వినిపిస్తుంది. కుర్చీల నిండా ఫైళ్ళు ఉంటే ఒక కట్ట తీసి నేల మీద పెట్టి నన్ను కూర్చోబెట్టింది. మొత్తం చెప్పాను. ఏడవకూడదనుకున్నాను గానీ మధ్యలో ఒకచోట ఏడ్చాను.

"ఆడవాళ్ళని మందలించి వదిలేస్తారని ఎవరు చెప్పారు?"

"మా వారు."

"ఆయనేం చేస్తారు?"

"బల్బులు అమ్ముతారు."

"అదీ, అందుకే వెలిగింది," అంది. తర్వాత నవ్వు మానేసి వేళ్ళు మడిచింది. "వినండి. ఆ మాత్రలు దగ్గర ఉంచుకోవడం ఒక నేరం. ఇంకొకరికి అందించడం ఇంకో నేరం. పోస్టులో పంపడం మరొకటి. దేశం దాటించబోతే దానికి వేరే సెక్షన్లు. లోపల బూట్లేనని కాగితం మీద రాస్తే అబద్ధం రాసిన నేరం పైన కొసరు. ఎన్ని పార్సెళ్ళయితే అన్నిసార్లు ఈ వరసంతా మళ్ళీ మొదటినుంచి. శిక్ష నెలల్లో ఉండదమ్మా, ఏళ్ళల్లో ఉంటుంది. మీరు ఆడవారని జడ్జి రుమాలు ఇస్తాడేమో గానీ శిక్ష మాఫీ చెయ్యడు."

"నిజంగా తెలియకపోతేనో?"

"అసలు కేసంతా నిలబడేది దాని మీదే. కోర్టు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, లోపల ఏముందో మీకు తెలుసా అని. తెలియకుండా మోసినవాళ్ళని చట్టం నేరస్తులనదు. అయితే ఊరికే తెలియదంటే చాలదు. అనుమానం వచ్చి కూడా కళ్ళు మూసుకుంటే తెలిసినట్టే లెక్క. మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది. అడిగాను. భోజనాల దగ్గర, అందరి ముందూ, పెట్టె ఊపి మరీ అడిగాను."

"ఏమన్నారు?"

"నీకేం తెలుసు అన్నారు."

లాయరమ్మ రాస్తున్న పెన్ను ఆపి నన్ను చూసింది. నేను భయపడి, "చప్పుడు ఆగట్లేదని స్టిక్కర్లు కూడా అంటించానండీ," అన్నాను.

"ఏ స్టిక్కర్లు?"

చెప్పాను. ఆవిడకి మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది, ఆ తర్వాత నవ్వు మొదలైంది. కుర్చీ ఊగిపోయింది. టీ ఎవరిదో విడాకుల ఫైలు మీద ఒలికింది. "దొంగతనానికి పోయేవాడు కాళ్ళకి గజ్జెలు కట్టుకుని పోతాడా అమ్మా? కాగితం బూట్లంటోంది, స్టిక్కర్ గాజంటోంది. రెండూ పొసగకే వాళ్ళు విప్పి చూసి ఉంటారు. ఆ పెట్టెని పట్టించింది మీరే! తెలిసినవాళ్ళెవరైనా దాని నెత్తిన రెండు ఎర్ర జెండాలు కడతారా? నా పాతికేళ్ళ అనుభవంలో ఇంత మంచి సాక్ష్యం చూడలేదు."

చిన్నోణ్ణి పట్టించింది నేనేనా అని ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. ఆవిడ అది కనిపెట్టింది. "మీరు తెలుసని చెబితే ఏమవుతుందో చెప్పనా? మీరు లోపల ఉంటారు. మాత్రలు తెచ్చిచ్చేవాడు హాయిగా బయట ఉంటాడు. మీ మరిది మళ్ళీ ఆ స్టాండు మీద ఇంకో పెట్టె పెడతాడు, ఈసారి ఇంకెవరి పేరుతోనో. అదే అతనే వచ్చి ఒప్పుకుని, ఇచ్చినవాడి పేరు చెబితే శిక్ష తగ్గుతుంది. పోదు, తగ్గుతుంది," అంది. బల్బు డబ్బులు ఇవ్వబోయింది. మాడలేదు కదండీ అన్నాను.

చేతిలో ఆ బల్బుతోనే ఇంటికి నడుస్తూంటే నాకు ఏదో హుషారొచ్చేసింది. నా పనిని ఇన్నేళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకున్న మొదటి మనిషి దాన్ని సాక్ష్యం అంది. పగలకుండా చూడటం తప్ప నేనేం చేశాను? అది నా చేతుల్లో ఉన్న గుణం. దానికోసం సిగ్గుపడక్కర్లేదనీ, దాన్ని దాచుకోక్కర్లేదనీ అనిపించి, దారిలో నాకోసం నేనే ఒక ఐస్‌క్రీం కొనుక్కుని నడుస్తూ తిన్నాను.

ఇంట్లో చిన్నోడు వంటింట్లో నాకోసం టీ పెడుతున్నాడు. అతను టీ పెట్టడం నేను చూడటం అదే మొదలు. పాలు పొంగి సగం పొయ్యి మీదే ఉన్నాయి. లాయరమ్మ చెప్పిందంతా అతనికి చెప్పాను. "రేపు నేను నిజమే చెప్తాను. నాకంటే ముందు నువ్వు చెబితే నీకే మంచిది," అన్నాను.

"నువ్వు బంగారం అనుకున్నాను వదినా," అన్నాడు, కళ్ళ నిండా నీళ్ళతో.

"అవసరమైతే బంగారాన్నే కదా అబ్బాయ్ ముందు తాకట్టు పెట్టేది. నాకొద్దు ఆ పేరు," అన్నాను. అతని టీ తాగాను. పంచదార వెయ్యడం మర్చిపోయాడు.

మంగళవారం నలుగురం వెళ్ళాం. నేను సరిగ్గా అప్పజెబుతానో లేదో చూడటానికి ఆయన, ఒంటరిగా ఇంట్లో ఉండలేక అత్తయ్య, తప్పక చిన్నోడు. లాయరమ్మ ముందే వచ్చి కూర్చుంది. ఆ గదిలో ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది. నా చూపు దాని మీదికే పోతోంది, లేచి సరిచెయ్యాలనిపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఫోటోలు నా ముందు పెట్టి, "ఈ పెట్టెలో ఏముందో పంపేటప్పుడు మీకు తెలుసా?" అని అడిగింది.

వెనక మా ఆయన దగ్గారు. ఇంట్లో ఆ దగ్గుకి టీ తెమ్మని అర్థం.

"తెలియదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినిపించింది. "గలగలమంటోందేమని అడిగాను. నీకేం తెలుసు అన్నారు. తెలియనిదాన్ని, నాకు చేతనైంది చేశాను. పగలకూడదని స్టిక్కర్ అంటించాను."

ఇన్‌స్పెక్టర్ మా ఆయన వైపు తిరిగింది. "ఆవిడ మిమ్మల్ని అడిగారా?"

ఆయన మింగలేక కక్కలేక, "నాకంతగా గుర్తు లేదండీ. ఆడవాళ్ళు రోజూ ఏవేవో అడుగుతూంటారు," అన్నారు.

"అడిగింది," అంది అత్తయ్య.

అందరం అటు తిరిగాం. ఆవిడ పర్సు ఒళ్ళో పెట్టుకుని తిన్నగా గోడకేసి చూస్తోంది. "అడిగింది. పెట్టె ఊపి మరీ చూపించింది. నాకు నవ్వొచ్చి పొలమారితే నెత్తిన తట్టింది కూడా తనే. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నన్నూ అదే మాట అనేవారు. కోడల్ని అంటుంటే అలవాటు కొద్దీ నవ్వాను." చిన్నకొడుకు మోచెయ్యి పట్టుకుని పైకి లాగింది. "లే నాయనా. నీ బూట్లు నువ్వే మోసుకో. ఇంకెంతకాలం మోస్తుంది ఆ పిల్ల?"

అతను లేచాడు. నేను ఈ ఇంటికి వచ్చాక ఎవరూ లేపకపోతే అతను లేచిన గుర్తు లేదు, ఆ రోజు కూడా వాళ్ళమ్మే లేపింది. కానీ లేచాక అంతా చెప్పాడు, మాత్రలు తెచ్చిచ్చేవాడి పేరుతో సహా. అత్తయ్య ఏడవలేదు. ఇంటికి వచ్చాక ఏడ్చింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. కోపం ఉన్నంత మాత్రాన పెంచిన చేతులు ఊరుకోవు కదా.

చిన్నోడికి శిక్ష పడింది. లాయరమ్మ అన్నట్టే తగ్గింది గానీ పోలేదు. నన్ను కేసులోంచి తీసేశారు. మా ఆయన్ని ఇన్‌స్పెక్టర్ కూర్చోబెట్టి కాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆయన చెప్పలేదు, ఆ రోజు నుంచి చీపురుపుల్ల ఊసు మాత్రం ఎత్తలేదు.

లాయరమ్మ ఆఫీసులో కాగితాలు సర్ది, కోర్టులకీ కక్షిదారులకీ పంపించే పనికి నన్ను పిలిచింది. జీతం ఎంతో ముందే చెప్పింది. "లోపల ఏముందో చూడకుండా ఒక్క కవరు కూడా అంటించనండీ," అన్నాను. "అందుకే కదా మిమ్మల్ని పిలిచింది," అంది. ఇంట్లో చెప్పులస్టాండు మీద ఇప్పుడు చెప్పులే ఉంటున్నాయి. మొదటి నెల అలవాటు కొద్దీ దాని మీద పెట్టిన కరెంటు బిల్లు అక్కడే ఉండిపోయింది. లైట్ల షాపు యజమాని ఇంట్లో రెండు పూటలు చీకటి. మూడో పూట ఆయనే వెళ్ళి కట్టొచ్చారు. లైనులో చాలాసేపు నిలబడాలని నీకు తెలుసా అని ఆశ్చర్యంగా నన్నే అడిగారు.

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. చిన్నోడికి చలికి ఉంటాయని అత్తయ్య ఏవేవో అల్లి, తనే పెట్టెలో సర్ది, తనే టేపు వేసి, పెద్దకొడుకు చేతికిచ్చి పోస్టాఫీసుకి పంపింది. ఆయన అక్కడి నుంచి చేస్తున్నారు.

"ఇదిగో, ఇందులో ఏముందని అడుగుతున్నారోయ్. జైలుకి కదా, అన్నీ వివరంగా రాయాలట. అమ్మ ఫోను ఎత్తట్లేదు," అన్నారు. గొంతులో కంగారు ఉంది. "పంపేవాళ్ళ పేరు కూడా రాయాలట. ఎప్పట్లాగే నీ పేరు రాసెయ్యనా?"

అటు వెనక కౌంటరులో గుమాస్తా నవ్వు వినిపించింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను.

"మీ పేరే రాయండి," అన్నాను. "రాసేముందు విప్పి చూసుకోండి. లోపల ఏముందో నాకేం తెలుసు?"